బోర్ కిట్ కాదు, అన్నా

మా న్యాల్‌కల్‌లో కిట్ అంటే ఒక్కటే అర్థం. ట్రాక్టర్ పొగ కక్కుతూ ఆయిల్ తాగడం మొదలుపెడితే జహీరాబాద్ పోయి బోర్ కిట్ తెస్తారు. లైనర్లు, పిస్టన్లు, రింగులు అన్నీ ఒక డబ్బాలో వస్తాయి. మెకానిక్ ముందు పెడితే సరి. అందుకే పోయిన దసరా సెలవుల్లో డల్లాస్ నుంచి అన్న ఫోన్ చేసి "తమ్మీ, ఒక పార్ట్స్ కిట్ చూస్తున్న. నువ్వు మెకానికల్ కదా, కొనాల్నా వద్దా చెప్పు" అనంగనే, పక్కన మంచం మీద కూసున్న పెద్దనాన్న "ఏ బండిదిరా?" అని అడిగిండు.

బండిది కాదు. స్టెర్లింగ్ అనే 9 ఎంఎం కార్బైన్‌ది.

పేరు కొత్తగా అనిపించినా వస్తువు మీకు తెలిసిందే. ఎస్కార్ట్ జీపులో పోలీసాయన చేతిలో, గొట్టం చుట్టూ చిల్లులు, ఎడమ పక్కకు అడ్డంగా పొడుచుకొచ్చిన మ్యాగజైన్ ఉన్న పొట్టి తుపాకీ చూసుంటారు కదా, అదే. జార్జ్ ప్యాచెట్ డిజైన్. బ్రిటిష్ సైన్యం 1953లో తీసుకుంది. మన దగ్గర దాన్నే 1ఎ కార్బైన్ పేరుతో కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో చేశారు. రైఫిల్ తూటా కాకుండా పిస్టల్ తూటా వాడుతుంది కాబట్టి పిస్టల్ క్యాలిబర్ కార్బైన్ అంటారు. స్టార్ వార్స్‌లో తెల్ల డ్రెస్సు సైనికులు పట్టుకునేది కూడా ఈ స్టెర్లింగ్‌కే అతుకులేసి చేసిందే. (మా హాస్టల్‌లో ఈ ఒక్క ముక్కకు వచ్చిన స్పందన మిగతా వ్యాసానికి రాదని నాకు తెలుసు.)

సైన్యాలు పక్కన పెట్టేసిన ఇలాంటి తుపాకులను ముక్కలుగా కోసి, రిసీవర్ అనే అసలు గొట్టాన్ని పనికిరాకుండా చేసి, మిగతా సామాన్లను అమెరికాలో డబ్బాల్లో అమ్ముతారు. అన్న చూసింది అలాంటి డబ్బా. ధర అతని లెక్కలో పెద్దదేం కాదు.

అన్న చెప్పిన కారణాలు రెండు. ఒకటి, అపార్ట్‌మెంట్ పక్క దుకాణంలో ఎవరో తుపాకీ చూపించి గల్లా ఖాళీ చేశారు. అన్న రోజూ అర్ధరాత్రి అదే దారిలో వస్తాడు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథీలో మన హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పటి నుంచి, అమెరికా నుంచి వేళకాని వేళ ఫోన్ వస్తే మా పెద్దమ్మ ఎత్తదు. వేరేవాళ్లకు ఇస్తది. రెండో కారణం ఉత్త సరదా. చిన్నప్పుడు తాత రేడియో విప్పి మళ్లీ బిగించిన మనిషి అన్న. "విప్పిందాన్ని బిగించుడే కదా" అన్నడు. ఆ తర్వాత మెల్లగా, "ఆ కోసిన గొట్టం ఉంది సూడు, దాని డ్రాయింగ్ నువ్వు వేసిపెడ్తవా?" అని అడిగిండు.

దాచడమెందుకు, ఆ రాత్రి నేను సాలిడ్‌వర్క్స్ తెరిచిన. రెండు గీతలు గీసిన కూడా. నిజమైన వస్తువుకు డ్రాయింగ్ వేయమని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. ల్యాబ్‌లో మూడేళ్లుగా అదే నకుల్ జాయింట్.

గీత గీయడానికి ముందు లెక్క చేయడం అలవాటు కాబట్టి నోట్‌బుక్ తీసిన. తూటా బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 370 మీటర్లు అనుకుందాం. గతిశక్తి దాదాపు 550 జౌళ్లు. మన దేశంలో 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ లేకుండా కొనగలిగే ఎయిర్‌గన్‌కు పరిమితి 20 జౌళ్లు. అంటే ఇరవై ఏడు రెట్లు! ద్రవ్యవేగం 3 కేజీ మీటర్ పర్ సెకండ్ దాకా వస్తుంది. వెనక్కి వచ్చే బోల్ట్ అరకిలో పైచిలుకు ఉంటే అది సెకనుకు 5 మీటర్ల వేగంతో మన ముఖం వైపు వస్తుంది. ఈ తుపాకీలో దాన్ని తాళం వేసి పట్టుకునే ఏర్పాటు లేదు. ఆపేవి బరువు, స్ప్రింగు మాత్రమే. ఆ స్ప్రింగు ఎవరి దగ్గర ఎన్నేళ్లు అరిగిందో డబ్బా మీద రాసి ఉండదు. ట్రాక్టర్‌లో పాత రింగు వేస్తే పొగ వస్తది, అంతే. ఇక్కడ అంతటితో పోదు.

లెక్క అయినంక చట్టం చదివిన. అసలు కథ అక్కడుంది.

బండ్ల భాషలో చెప్తే తొందరగా అర్థమవుతుంది. బోర్ కిట్ ఎవరైనా కొనొచ్చు, ఎవరూ అడగరు. కానీ బండి ఎవరిదో తేల్చేది చాసిస్ నంబర్. అమెరికా చట్టానికి తుపాకీ చాసిస్ ఈ రిసీవరే. మిగతావన్నీ ఉత్త సామాన్లు. అందుకే కిట్ అంత సులువుగా దొరుకుతుంది. అయితే చేసి పెట్టినట్టే ఉండి, కాసేపట్లో తుపాకీ అయిపోయే కిట్లను కూడా తుపాకీగానే లెక్కిస్తామని అక్కడి ఏటీఎఫ్ 2022లో నిబంధన తెచ్చింది. 2025 మార్చిలో ఆ దేశ సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

సరే, అన్న చూసింది కోసేసిన గొట్టం ఉన్న పాత రకం. మరి డబ్బాలో ఏం పనికొస్తాయి? గొట్టం పోయింది. 2005 నుంచి ఇలాంటి దిగుమతి కిట్లతో బ్యారెల్ రానివ్వడం లేదు. పాత నిల్వల్లో ఉన్నా స్టెర్లింగ్ బ్యారెల్ ఎనిమిది అంగుళాల లోపే. రైఫిల్‌గా చేస్తే పదహారు అంగుళాలు ఉండాలి, లేకపోతే 1934 నాటి చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి. బోల్ట్ అసలు రూపంలో వాడడానికి లేదు. బోల్ట్ వెనక్కి తెరిచి ఉండి పేలే రకాలను సులభంగా ఆటోమేటిక్‌గా మార్చొచ్చు కాబట్టి 1982 నుంచి వాటిని మెషిన్‌గన్‌లుగానే చూస్తున్నారు. కొత్త మెషిన్‌గన్ సామాన్య పౌరుడికి 1986లోనే బంద్ అయింది. ఇవి చాలవన్నట్టు, దిగుమతి భాగాలు ఇన్నింటికి మించకూడదని ఇంకో లెక్క ఉంది. తీసివేతలన్నీ చేస్తే మిగిలేది ఒక పిడి, ఒక మడత బట్, కొన్ని పిన్నులు, ఒక స్ప్రింగు. చవక అన్న మాట ఇక్కడే తేలిపోయింది. లీగల్‌గా దాన్ని నిలబెట్టాలంటే పెట్టే ఖర్చుకు కొత్త తుపాకీ వస్తది.

అదైనా కొనొచ్చా? అన్న హెచ్1బీ మీద ఉన్నాడు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం 1998 నుంచి ఫెడరల్ నేరం. శిక్ష 2022 నుంచి పదిహేనేళ్ల దాకా. "హంటింగ్ లైసెన్స్ తీస్కుంటే నడుస్తదంట తమ్మీ" అన్నడు అన్న. నిజమే, ఆ మినహాయింపు చట్టంలోనే ఉంది. అయితే మినహాయింపు మీద నిలబడ్డ మనిషికి కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తుపాకీ చట్టం కింద శిక్ష పడిన విదేశీయుణ్ని దేశం నుంచి పంపించెయ్యొచ్చు. బ్యారెల్ అంగుళం తక్కువైందని ఊరికి తిరిగొచ్చిన కొడుకును పెద్దనాన్న ఏం అడుగుతాడు? అన్న ఎంఎస్‌కు పోయింది నిమ్జ్‌లో పోయిన భూమి పరిహారంతో. మా మండలంలో ఆ డబ్బు ఏ ఇంట్లోనూ రెండోసారి రాదు.

ఇంక నా సంగతి. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం అమెరికాలాగా చాసిస్ ఒక్కటే చూడదు. 'ఆయుధం' అనే మాటలోనే దాని భాగాలనూ, తయారుచేసే యంత్రాలనూ కలిపేసింది. అంటే మన దగ్గర ప్రతి పిస్టనూ ట్రాక్టరే. అన్న సరదాకు ఒక ముక్కను సూట్‌కేసులో తెచ్చి చూపించినా నేరమే. లైసెన్స్ లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. మరి కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్ ఆయుధంలో భాగమా, కాదా? వాదించొచ్చు. కానీ ఆ వాదన జరిగేది నా హాస్టల్ గదిలో కాదు. ఫైల్ తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసిన. రెండు గీతలే, అయినా.

మీలో కొందరికి ఈ యంత్రాల మీద నాకున్నంత ఇష్టమే ఉంటుంది. అది తప్పని నేను అనుకోను. 9 ఎంఎంలోనే 'అస్మి' అనే మెషిన్ పిస్టల్‌ను డీఆర్‌డీవో, సైన్యం కలిసి డిజైన్ చేస్తే, తయారుచేస్తున్నది మన హైదరాబాద్ లోకేశ్ మెషీన్స్. 2024లో సైన్యం నార్తర్న్ కమాండ్ 550 తీసుకోవడానికి ఆర్డర్ ఇచ్చింది. మా జిల్లాలోనే ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఉంది, అక్కడ సైన్యానికి పోరాట వాహనాలు చేస్తారు. గొట్టానికి డ్రాయింగ్ వేయాలనే కోరిక తీరాలంటే దారులు అవి. అక్కడ మన గీత తప్పయితే దిద్దే పైవాళ్లుంటారు, పేలుడు పరీక్షకు మనిషి బదులు స్టాండు ఉంటుంది.

అన్నకు ఇవన్నీ పెద్ద మెసేజ్‌గా రాసి పంపిన. చివర ఇంకొకటి కలిపిన. 2024 నవంబర్‌లో అట్లాంటాలో ఎంఎస్ చదువుతున్న మన తెలుగు విద్యార్థి ఒకరు తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న తుపాకీని శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. దొంగ రాలేదు, శత్రువూ లేడు.

రెండు రోజులు బ్లూ టిక్‌లే. మూడో రోజు ఫోన్ చేసిండు. "కార్ట్‌లకెళ్లి తీసేసిన తమ్మీ. కానీ ఆ దుకాణం ముందట్నుంచి రావాలంటే ఇప్పటికీ గుండె దడదడే." దానికి నా దగ్గర ఫార్ములా లేదు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అతనే చెప్పిండు, ఆఫీసులో ఇద్దరు మనోళ్లతో కలిసి ఒకే కారులో వస్తున్నామని, లీజు అయిపోతే ఇల్లు మారతానని.

సంక్రాంతికి ఇంటికి పోతే పెద్దనాన్న మళ్లీ అడిగిండు, "ఆ సామాన్లు కొన్నడారా వాడు?"

"లేదు పెద్దనాన్నా. ఆ బండికి ఆర్సీ రాదంట."

"మరి ముందుగాల్నే సూస్కోవద్దా?" అని విసుక్కుంటూ చేనుకు పోయిండు.