పట్టేసిన పిస్టన్లను పాత ఇనుము కొట్టుకి వేయకండి

ఈమధ్య నా దగ్గరికి వస్తున్న జీపు కేసులన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. పాత డీజిల్ జీపు పొగ కక్కుతోందని రీబోర్ చేయిస్తారు, కొత్త పిస్టన్ కిట్ వేస్తారు, ఘాట్ రోడ్డు ఎక్కగానే ఇంజన్ పట్టేస్తుంది. స్పేర్‌పార్ట్స్ షాపువాడు బోరింగ్ తప్పంటాడు. లేత్ షాపువాడు పిస్టన్ తప్పంటాడు. చివరికి ఇద్దరూ ఒకటై, డ్రైవర్ రేడియేటర్లో నీళ్లు చూసుకోలేదంటారు. సరే, ఆ పిస్టన్లు పట్టుకురండి అంటే క్లయింటు నా మొహంలోకి చూస్తాడు. “తూకానికి అమ్మేశామండీ!”

ఇక నేనేం వాదించాలి?

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 38 ఉంది. పరీక్షిస్తేగానీ లోపం తేలని వస్తువైతే, జిల్లా కమిషన్ దాని నమూనాకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది. 45 రోజుల్లో నివేదిక రావాలి. ఆ పరీక్ష ఫీజు ముందు మనమే కట్టాలి. కానీ సీలు వేయడానికి వస్తువంటూ ఉండాలి కదా! అందుకే చెబుతున్నాను, బండి ఆగిన వెంటనే ఇంజన్ విప్పించకండి. ఫలానా రోజు ఫలానా చోట విప్పుతున్నాం, వచ్చి చూసుకోండి అని షాపుకీ, లేత్ వాళ్లకీ, మెకానిక్‌కీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రాకపోతే వాళ్ల ఖర్మ. విప్పేటప్పుడు వీడియో తీయండి. పిస్టన్లు, రింగులు, వచ్చిన అట్టపెట్టెతో సహా మూటగట్టి ఇంట్లో పెట్టుకోండి. కొలతలు రాయించకుండా బ్లాకును మళ్లీ బోరింగ్‌కి ఇవ్వొద్దు. ఇస్తే ఉన్న రెండో సాక్ష్యమూ రజనై పోతుంది.

మొన్నటి కేసు పాడేరు వైపు కుర్రాడిది. వంజంగి కొండకి సొంత జీపులో టూరిస్టులను తిప్పుతాడు. అది వ్యాపారం, ఇతను వినియోగదారుడే కాదని అవతలి వకీలు మొదటి రోజే లేచాడు. పొట్టకూటికి స్వయం ఉపాధిగా నడుపుకునేవాణ్ణి సెక్షన్ 2(7) వివరణ కాపాడుతుంది, కాబట్టి ఆ వాదన పెద్ద బెంగ కాదు. బెంగంతా బిల్లుతోనే. తెల్లకాగితం మీద “పిస్టన్ సెట్ 1” అని ఉంది, అంతే. ఏ కంపెనీ, ఏ పార్టు నంబరు, స్టాండర్డా, 0.50 ఓవర్‌సైజా? ఏమీ లేదు. పైగా ముందు బ్లాకు కోయించి, తర్వాత ఫోన్లో పిస్టన్లు తెప్పించాడు. పద్ధతి తిరగబడింది. పిస్టన్లు చేతికొచ్చాక ఒక్కోదాన్నీ మైక్రోమీటరుతో కొలిచి, తయారీదారు చెప్పిన గ్యాప్ కలిపి సిలిండర్ కోయాలి. ఆఫ్‌రోడ్ మోజుతో ఫోర్జ్‌డ్ పిస్టన్లు అడిగేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. అవి వేడికి ఎక్కువ ఉబ్బుతాయి, మామూలు పోత పిస్టన్ల గ్యాప్ వాటికి చాలదు. ఆ కొలతల చీటీ మీద లేత్ షాపు సంతకం తీసుకోండి. ఇవ్వనంటే ఇంకో షాపు చూసుకోండి.

బిల్లు అడుగున అచ్చేసిన “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అన్న ముక్కకి భయపడకండి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం, బిల్లు ఇవ్వకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. కేసు రెండేళ్లలో వేయాలి. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు. షాపు, లేత్, మెకానిక్ ముగ్గుర్నీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం అక్కడే కానివ్వండి. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. వాయిదాలు వేసేవాళ్లు ఆ వాక్యం చదివినట్టు నాకైతే అనిపించదు.

పాడేరు కుర్రాడి పిస్టన్లు కూడా తూకానికే పోయాయి. మిగిలింది, ఇంజన్ విప్పిన రెండో మెకానిక్ ఫోన్లో ఉన్న ఒక్క ఫొటో. పిస్టన్ తల మీద సైజు ముద్ర సగం కనిపిస్తుంది. అతను అఫిడవిట్ ఇస్తే వాదనకి కాస్త ఊతం దొరుకుతుంది. అతనేమో సామాన్లన్నీ అదే షాపులో అరువు మీద తెచ్చుకుంటాడట, సంతకానికి రానంటున్నాడు.