మునగకొమ్మ యేల విరుగును?

మూసాపేట యొకప్పుడు పల్లె. నేడు నగరములో గలిసిపోయినది. 2017 నవంబరునుండి మెట్రో రైలును దాని మీదుగా నడచుచున్నది. అక్కడి పెరటిలో నైనను, మన పొలముగట్టున నైనను, వేసవి గాలివానకు ముందుగా విరుగునది కాయలతోనున్న మునగకొమ్మయే. ప్రక్కనున్న చింత సాధారణముగా నిలుచును. కారణ మేమి?

కొమ్మకు రెండు పనులు గలవు. వేరు పీల్చిన నీటిని ఆకులకు జేర్చుట యొకటి, ఆకులను కాయలను మోయుట రెండవది. కఱ్ఱలోని సన్నని గొట్టములు మొదటి పనిని, గట్టి నారలు రెండవ పనిని జేయును. గొట్టము వెడల్పు రెండింతలైనచో ఒకే లాగుడుకు నీరు 16 ఇంతలు పాఱును. కాని నేల యెండినపుడు అట్టి గొట్టములలో గాలి చొరబడి నీటిధార తెగుట సులభము. టేకు ఈ చిక్కును చక్కగా దాటినది. చిగుర్చు కాలమున పెద్ద గొట్టములను, పిమ్మట సన్నవానిని గట్టినారలతో పెట్టుకొనును. వేసవిని ఆకు రాల్చి దాహము తగ్గించుకొనును. టేకుమొద్దు కోసిన చోట ఆ వలయములు కంటికే కనబడును.

మునగ త్వరపడు చెట్టు. కొద్ది దినుసుతో పొడవెదిగి కఱ్ఱను మెత్తగా, తేలికగా నుంచును. చింత నెమ్మదిగా నెదిగి నారలను దట్టముగా పేర్చును. గానుగకు దానినే పెద్దలు కోరుట యందులకే.

కావున మునగమొక్క రెండున్నర అడుగులు పెరుగగానే కొన త్రుంచవలెను. ప్రక్కకొమ్మలు వచ్చి బరువు పంచుకొనును. నత్రజని యెరువును నీటిని మితిమీఱి యిచ్చినచో కొమ్మ పొడవగునే గాని బలమెక్కదు. లేతమొక్కను ఊతకఱ్ఱకు బిగించి కట్టుటయు తప్పే. గాలికి కొంచెము ఊగిననే మొదలు లావెక్కును. వదులుగా కట్టి, మొక్క నిలదొక్కుకొన్న వెంటనే కట్టు విప్పవలెను.