ఆటోపైలట్ ఉండగా ఎత్తెలా తప్పుతుంది?

ప్రశ్న: మా పీళమేడు మీదుగానే విమానాలు దిగుతాయి. పైలట్లు పరాకులో ఎత్తు తప్పడం నిజమేనా అండీ?
– ఒక పాఠకురాలు, కోయంబత్తూరు

జవాబు: నిజమేనమ్మా. 2014 ఆగస్టులో ముంబై నుంచి బ్రస్సెల్స్ వెళ్తున్న జెట్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 టర్కీ మీద సుమారు 5,000 అడుగులు కిందికి జారింది. కెప్టెన్ నియమం ప్రకారమే కునుకు తీస్తున్నారు, కోపైలట్ చూపు టాబ్లెట్ మీద ఉంది. అంకారా కంట్రోలర్ అడిగేదాకా తెలియలేదు! మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇద్దరినీ సస్పెండ్ చేసింది.

ఆటోపైలట్‌కు తెలిసింది పైలట్లు పెట్టిన ఎత్తు అంకె ఒక్కటే. 15,000 బదులు 14,000 పెడితే అక్కడికే పోతుంది. అందుకే ఒకరు పెట్టిన అంకెను రెండోవారు చూసి, పైకి చదివి ఖాయం చేస్తారు. మీ ఇంటి మీదుగా దిగేటప్పుడు భయం వద్దు. 10,000 అడుగుల లోపు కాక్‌పిట్‌లో పనిలేని కబుర్లు నిషిద్ధం. నన్నడిగితే, ఏ పనీ లేని పైఎత్తులోనే పరాకు ఎక్కువ.