భజన రికార్డింగ్‌కి సౌండ్ కార్డ్: యూఎస్‌బీనా, కంప్యూటర్ లోపల పెట్టేదా?

 

భజనలో ఒక్కో మైకునీ విడిగా రికార్డ్ చేయాలంటే ఏ సౌండ్ కార్డ్ కొనాలని చాలామంది అడుగుతున్నారు. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

పోయిన కార్తీక మాసంలో విడవలూరు మండలం రామతీర్థంలో, సముద్రం ఒడ్డున ఉన్న రామలింగేశ్వర స్వామి గుడి దగ్గర భజన రికార్డ్ చేశాం. ముందు పాడే పెద్దాయన, హార్మోనియం, డోలక్, తాళాలు... మొత్తం నాలుగు మైకులు. నా దగ్గర రెండేసి మైకులు పట్టే యూఎస్‌బీ కార్డులు రెండున్నాయి. ఒక్కోటి ఒక్కో ల్యాప్‌టాప్‌కి పెట్టి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టాను. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండింటినీ కలిపేస్తే చాలనుకున్నా.

మొదటి పాట బాగానే కలిసింది. గంట గడిచేసరికి తాళం ఒక చోట, గొంతు ఒక చోట!

కారణం ఏంటంటే, ప్రతి కార్డుకీ సొంత గడియారం ఉంటుంది. రెండూ సెకనుకి 48,000 శాంపిల్స్ అనే చెప్తాయి, కానీ ఏ రెండూ కచ్చితంగా ఒకేలా నడవవు. పది లక్షలకి 50 వంతుల తేడా ఉన్నా గంటకి 0.18 సెకను అవుతుంది. తాళానికి అది చాలా ఎక్కువ. చివర్లో ఇంకోసారి చప్పట్లు కొట్టుంటే ఒక ట్రాక్‌ని కాస్త సాగదీసి సరిచేసేవాణ్ణి. హారతి హడావిడిలో మర్చిపోయా. పెద్దాయనకి ఫోన్ చేసి మళ్లీ పాడతారా అని అడిగితే, "ఆ రోజు పలికినట్టు మళ్లీ పలకద్దా నాయనా?" అన్నారు.

కాబట్టి ముందు చూడాల్సింది ఇదే: అన్ని మైకులూ ఒకే పెట్టెలోకి వెళ్లాలి. యూఎస్‌బీనా, లోపలిదా అన్నది ఆ తర్వాతి మాట.

లోపలి కార్డు డెస్క్‌టాప్‌లోనే పడుతుంది, ల్యాప్‌టాప్‌లో పట్టదు. శబ్దం ఆలస్యం లేకుండా తిరిగి వినిపించడంలో అది మేలే. కానీ మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. పక్కనే పవర్ సప్లై, ఫ్యాన్లు ఉంటే వాటి రొద అందులోకి దూరొచ్చు. అయినా సీపీయూ, మానిటర్ మోసుకుని సముద్రం ఒడ్డుకి ఎవరు పోతారండీ!

యూఎస్‌బీకి వేగం చాలదని ఒక భయం ఉంది. లెక్క చూడండి: 8 మైకులు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి 9.2 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 పేరుకి 480. ఇక ఆలస్యం సంగతి. భజనలో ఎవరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకోరు, ఒకరినొకరు నేరుగానే వింటారు. అందుకని బఫర్ 512 గానీ 1024 గానీ పెట్టేయండి, రికార్డింగ్ మధ్యలో తెగదు.

కొనేటప్పుడు అంకె చూసి మోసపోవద్దు. స్కార్లెట్ 18ఐ20 పేరులో 18 ఉన్నా, నేరుగా మైకులు పెట్టుకునేవి 8 మాత్రమే. మిగతావి డిజిటల్ ఇన్‌పుట్లు.

ఇంకో మాట, ఉప్పుగాలి. పని అవ్వగానే పిన్నులు పొడిగుడ్డతో తుడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. జనరేటర్ మీద గుయ్‌మని శబ్దం వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి చూడండి, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

ఈ కార్తీకానికి మళ్లీ రామతీర్థం వెళ్తున్నాం, ఒకే పెట్టెతో. పెద్దాయన వస్తానన్నారు.