అందరి వైఫై ఆరో ఛానెల్లోనే

సింగరేణిలో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. గోదావరిఖని కాలనీల్లో ఎవరింట్లో వీడియో ఆగినా పిల్లలు నా దగ్గరికే వస్తారు. "తాతా, సాయంత్రమైతే నెట్ వస్తలేదు, పైసలు మాత్రం నెలనెలా కడుతున్నం" అని ఒకటే మాట. పొద్దున పది గంటలకు బాగానే ఉంటుంది. మొదటి షిఫ్టువాళ్లు ఇంటికొచ్చి, బడి పిల్లలు వచ్చి, టీవీలన్నీ మొదలయ్యాకే మొరాయిస్తుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1. ముందు తప్పు ఎక్కడుందో చూడండి. రౌటర్ నుంచి లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి వేగం కొలవండి. వైరు మీద బాగా వచ్చి వైఫైలో రాకపోతే కనెక్షన్ ఇచ్చినవాళ్లని తిట్టి లాభం లేదు. లోపం మీ గదిలోని గాలిలో ఉంది. వైరు మీద కూడా రాకపోతే ఇక కింద రాసింది చదవక్కర్లేదు, వాళ్లకే ఫోన్ చేయండి.

2. పేరుకు 13 ఛానెళ్లు, పనికొచ్చేవి మూడే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు వాడుకోవచ్చు. ఒక ఛానెల్‌కీ పక్కదానికీ దూరం 5 మెగాహెర్ట్జ్. కానీ ఒక్కో రౌటర్ కూర్చునే జాగా సుమారు 20 మెగాహెర్ట్జ్. అంటే ఆరో ఛానెల్లో ఉన్న రౌటర్ నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది మీదికి కూడా పరుచుకుంటుంది. ఒకదాన్నొకటి తాకకుండా ఉండేవి 1, 6, 11. కొన్ని ఫోన్లకు 12, 13 అసలు కనిపించవు కాబట్టి అటు పోకండి. రౌటర్ సెట్టింగుల్లో వెడల్పు 40 అని ఉంటే 20కి మార్చండి. 2.4లో 40 పెట్టుకోవడమంటే బ్యాండులో సగం ఒక్కరే ఆక్రమించుకోవడం.

3. 'ఖాళీ ఛానెల్' మోసం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తెలివైనవాళ్లే ఇక్కడ పడతారు. ఫోన్లో యాప్ పెట్టి చూస్తారు. 1లో ముగ్గురు, 6లో నలుగురు, 3లో ఎవరూ లేరు. సంబరంగా 3లోకి వెళతారు. మా రోజుల్లో గనిలో ఒకే లైను మీద కొన్ని ఫోన్లు ఉండేవి. రిసీవర్ ఎత్తితే అవతల ఎవరో మాట్లాడుతున్నది వినిపించేది, ఆగేవాళ్లం, వాళ్లయ్యాక మాట్లాడేవాళ్లం. ఒకే ఛానెల్లో ఉన్న రౌటర్లూ అంతే, ఒకరి మాట ఒకరు విని వంతు కోసం ఆగుతాయి. నిదానమే గానీ పని జరుగుతుంది. 3లో కూర్చున్న రౌటర్‌కి 1 మాటా 6 మాటా అర్థం కావు, రెండూ గోలగానే చేరతాయి. దాని గోల వాళ్లకూ అంతే. పంపినది చెడిపోతుంది, మళ్లీ పంపాలి, మళ్లీ చెడిపోతుంది. తానొక్కడే కాక రెండు వైపులా ఉన్నవాళ్లను కూడా చెడగొట్టినవాడవుతాడు. రద్దీగా ఉన్నా సరే 1, 6, 11లోనే ఉండండి.

4. పెద్ద యాంటెనాల రౌటర్ కొనకండి. పక్కింటాయన నాలుగు కొమ్ములది తెచ్చాడని మీరు ఆరు కొమ్ములది తెస్తే, మీ రౌటర్ మాట వీధి చివరిదాకా వినిపిస్తుంది. మీ ఫోన్ మాత్రం దాని చిన్న బ్యాటరీతో అంత గట్టిగా జవాబివ్వలేదు. గీతలు నిండుగా కనిపిస్తాయి, పని మాత్రం కాదు. సెట్టింగుల్లో ట్రాన్స్‌మిట్ పవర్ అని ఉంటుంది. 3 డెసిబెల్స్ తగ్గిస్తే పవర్ సగమవుతుంది, అయినా రెండు గదుల క్వార్టర్‌లో ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు. పక్కింటివాళ్లకు తెలుస్తుంది, మంచిగా.

5. 5 గిగాహెర్ట్జ్‌కి మారగలిగినవాళ్లు మారండి. "అది గోడ దాటదు" అని చాలామంది దాన్ని బంద్ పెడతారు. గోడ అంతగా దాటకపోవడమే మనకు కావలసింది! మీది మీ ఇంట్లో, వాళ్లది వాళ్లింట్లో ఉంటుంది. ఛానెళ్లూ ఎక్కువే. 2018లో ఈ బ్యాండులో మరింత జాగాను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. అయితే ఇక్కడా వెడల్పు 80 పెట్టి అందరూ పరుచుకుంటే పాత కథే, ఇరుకు బ్లాకుల్లో 40 చాలు.

6. తలుపు పక్కన మేకు కొట్టి రౌటర్ తగిలించి పోతారు బిగించేవాళ్లు. వాళ్లకు వైరు ఆదా. దాన్ని ఇంటి మధ్యకు, ఎత్తుకు తేండి. ఇనుప బీరువా వెనకా, ఎండాకాలం కూలర్ రేకు డబ్బా వెనకా వద్దు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 పరిసరాల్లోనే పనిచేస్తుంది, దానికి దూరంగా పెట్టండి. కదలని టీవీకి వైరే వేయండి. ఆ ఒక్క టీవీ గాలిలోంచి తప్పుకుంటే బ్లాకంతటికీ మేలు.

7. కరెంటు పోయి వచ్చినప్పుడు బ్లాకులోని రౌటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. 'ఆటో'లో ఉన్నవి అప్పుడే చుట్టూ చూస్తాయి, ఇంకా ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి అంతా ఖాళీగా కనిపిస్తుంది, చాలా వరకు ఒకే చోటికి చేరతాయి. మా కాలనీలో సాయంత్రం అందరూ ఆరులో ఉండటానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. ఛానెల్ చేత్తో పెట్టండి.

8. రిపీటర్ వద్దు. విన్నదాన్నే అదే ఛానెల్లో మళ్లీ చెబుతుంది, గాలి రెట్టింపు ఖర్చు.

9. ఫిర్యాదుకు ఆఫీసు లేదు. 2.4 బ్యాండును 2005లో లైసెన్సు లేకుండా చేసినప్పుడే నిబంధనలో రాశారు: అందరూ పంచుకోవాలి, ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు, ఇతరుల వల్ల అడ్డంకి వస్తే రక్షణ అడగడానికి లేదు. కంపెనీ ఏరియా ఆఫీసుకు గానీ, ఇంకెవరికి గానీ అర్జీ పెట్టి ప్రయోజనం లేదు. మిగిలింది పక్కింటి తలుపే. అది కూడా చూసుకుని కొట్టండి, రాత్రి షిఫ్టు చేసొచ్చినాయన పగలు పడుకుని ఉంటాడు.

10. నాలుగిళ్ల బ్లాకుకు నా లెక్క ఇది. కింద ఎడమ 1, కింద కుడి 6, పైన ఎడమ 11, పైన కుడి మళ్లీ 1. గోడ పంచుకున్నవాళ్లకూ, కప్పు పంచుకున్నవాళ్లకూ ఒకే అంకె రాదు, మూలకు మూల ఉన్న రెండిళ్లకే వస్తుంది. పక్క బ్లాకువాళ్లు కూడా ఇదే వరస పెట్టుకోవాలి, ఎడమ కుడి తిరగేస్తే పక్కపక్క ఇళ్లకు ఒకే అంకె వస్తుంది. ఎవరి రౌటర్ వాళ్లే మార్చుకోవాలి, అడగకుండా ఇంకొకరి పాస్‌వర్డ్ ముట్టకండి. పెట్టుకున్న అంకెలు కాగితం మీద రాసి మెట్ల దగ్గర గోడకు అంటించండి, కొత్తగా క్వార్టర్ అలాట్ అయి వచ్చేవాళ్లకు పనికొస్తుంది. రాబోయే ఆదివారం మీ బ్లాకులో ఎవరో ఒకరు మొదలుపెట్టండి. సెట్టింగుల పేజీ తెరవడం రాకపోతే నా దగ్గరికి రండి, సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను.