దుమ్ములో బూజు - ఊపిరితిత్తుల జబ్బు



"దుమ్మే కదా, ఏటవుద్ది?" అనుకుంటాం. నిజమే, చాలామందికి ఏమీ అవ్వదు. కాని మట్టిలో, తడిసి ముక్కిపోయిన గడ్డిలో, ధాన్యంలో బూజు పెరుగుతుంది. అందులో ఒక రకం ఆస్పర్‌జిల్లస్. ఈ పేరు 1729లో ఇటలీ శాస్త్రవేత్త మిచెలి పెట్టాడు. దాని సిద్ధబీజాలు 300 వరుసగా పేర్చినా సుమారు ఒక మిల్లీమీటరే! అందుకే గాలితోబాటు ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి.

జబ్బు ఎవరికి వస్తుంది?

ఆరోగ్యంగా ఉంటే మన తెల్లరక్తకణాలు ఆ బీజాలను చంపేస్తాయి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి, ఉబ్బసం ఉన్నవారికి, టి.బి. వచ్చి తగ్గినవారికి ప్రమాదం ఎక్కువ. టి.బి. వల్ల ఊపిరితిత్తిలో పడిన గుంటలో బూజు ఉండలాగ పెరగవచ్చు. అప్పుడు దగ్గు, కఫంలో రక్తం, నీరసం, బరువు తగ్గడం ఉంటాయి. ఇవన్నీ టి.బి. లక్షణాలే కదా! చిక్కంతా ఇక్కడే. టి.బి. మాత్రలు బాక్టీరియాను చంపుతాయి గాని బూజును చంపవు. బూజుకి వేరే మందులున్నాయి, వాటిని నెలల తరబడి వాడాలి.

దుమ్ము ఎంత పని చేస్తుంది?

1994 జనవరి 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో భూకంపం వచ్చింది. కొండచరియలు విరిగి దుమ్ము లేచింది. ఆ తర్వాత వెంచురా అనే ప్రాంతంలో 203 మందికి 'లోయ జ్వరం' వచ్చింది, ముగ్గురు చనిపోయారు. అది వేరే బూజు. అమెరికా ఖండాల ఎండు నేలల్లో ఉంటుంది, మన నేలది కాదు. అయినా దుమ్ము జబ్బును మోస్తుందని దీనివల్ల తెలుస్తుంది. మన భోగాపురంలో విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద మట్టిపనైనా, ఊళ్ళో కల్లం పనైనా దుమ్ము తప్పదు.

మనం చేయవలసినవి:

1. గది ఊడ్చే ముందు నీళ్ళు చిలకరించాలి.
2. బూజు పట్టిన గడ్డిని, గోనెలను గదిలో దులపరాదు.
3. దుమ్ము పనికి ఎన్-95 మాస్కు మంచిది. ఒట్టి తువ్వాలు ఈ బీజాలను సరిగా ఆపలేదు.
4. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే వార్డెన్ గారికి చెప్పి కఫం పరీక్ష చేయించుకోవాలి. టి.బి. లేదని తేలినా దగ్గు తగ్గకపోతే మళ్ళీ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి, దుమ్ములో పనిచేసిన సంగతి, పూర్వం టి.బి. వచ్చిన సంగతి చెప్పాలి.
5. టి.బి. మాత్రలు వాడుతున్నవారు ఇది చదివి మానేయకూడదు. డాక్టరు చెప్పినదాకా వాడాలి.

ఒక ముఖ్య విషయం. ఈ బూజు జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదు. దగ్గే స్నేహితుణ్ణి వెలివేసినట్టు చూడకండి, ఆసుపత్రికి తోడు వెళ్ళండి.