ఒంటికి తగిలే మొదటి గుడ్డ

చీరాల,
అక్టోబరు నెల.

చిరంజీవి చిట్టికి,

ఈ వానలకు మీ అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త ఎక్కువైంది. అంతకు మించి ఏమీ లేదు, నువ్వు కంగారుపడకు.

నువ్వు పంపిన నాలుగు చలికోట్ల ఫోటోలూ మీ అమ్మ తెచ్చి చూపించింది. ఏది కొనమంటారో చెప్పమన్నావట. మీ అమ్మ మీగడ రంగుది బాగుందంది, మీ అమ్మమ్మ ఎర్రది అంది. నాకు నాలుగూ నచ్చలేదు తల్లీ. మూడు నడుము దగ్గరే ఆగిపోయాయి, నాలుగోదానికి తల కప్పే టోపీయే లేదు. పైగా 'బస్సు దిగితే సొరంగం, సొరంగం దాటితే క్లాసు, నేను బయట తిరిగేదెంతసేపు, కోటుకు అంత డబ్బెందుకు' అన్నావని కూడా విన్నాను. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. ఫోనులో చెబితే 'సరే తాతయ్యా' అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మీ అన్నయ్య ఫోటో తీసి ఇవాళే పంపుతానన్నాడు. కాగితం పార్శిల్లో వస్తుంది, దాచుకో.

మీ యూనివర్సిటీ భవనాల కింద సొరంగ దారులున్న మాట నిజమే. మినియాపొలిస్ నడిబొడ్డున మేడ నుంచి మేడకు అద్దాల వంతెనలున్న మాటా నిజమే. కానీ నీ గది సొరంగంలో లేదు కదమ్మా. గది నుంచి బస్సు స్టాపు దాకా ఆకాశం కిందే నడవాలి. స్టాపులో నిలబడాలి. మంచు పడిన రోజు బస్సు ఆలస్యమవుతుంది. 2019 జనవరి 30న మీ ఊళ్ళో మైనస్ 28 ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో మైనస్ 33. ఆ చలికి గాలి కూడా తోడైతే కప్పుకోని చెవి, ముక్కు కొన నిమిషాల్లో మొద్దుబారి తెల్లబడిపోతాయి. అలాంటి రోజులు ఏడాదికి కొన్నే వస్తాయి. కోటు కొనేది ఆ కొన్ని రోజుల కోసమే. మిగతా రోజుల్లో దాని గుండీలు విప్పుకుని తిరుగు, ఎవరూ కాదనరు.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. కోటులో పొయ్యి లేదు. వెచ్చదనం అంతా నీ ఒంటిదే. నువ్వు తిన్న అన్నం, నువ్వు నడిచిన నడక ఇచ్చిన వేడి అది. ఆ వేడితో నీ చుట్టూ ఉన్న కాస్త గాలి వెచ్చబడుతుంది. ఆ గాలిని కదలకుండా పట్టి ఉంచడమే కోటు పని. బాతు ఈకలైనా, ఉన్ని అయినా, కృత్రిమ దారమైనా చేసేది గాలిని బంధించడమే. అందుకే కోటు బిగుతుగా ఉండకూడదు. బిగిస్తే ఈకలు నలిగి గాలి పోతుంది, ఇక మిగిలేది వట్టి గుడ్డ. నడుము సన్నగా కనబడాలని ఒక సైజు తగ్గించి కొనకు.

ఆ గాలికి పరమ శత్రువు తడి. గాలికంటే నీరు వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. ఆ తడి ఆకాశం నుంచి పడే మంచువల్లే వస్తుందనుకుంటారు అందరూ. ఎక్కువసార్లు లోపలి నుంచే వస్తుంది. చెమట.

అందుకని నీ కోటు సంగతి మాట్లాడే ముందు నీ బనీను సంగతి మాట్లాడాలి. మీ అమ్మ కట్టిన పార్శిల్లో డజను నూలు బనీన్లు, నూలు సాక్సులు, నూలు లెగ్గింగులు ఉన్నాయి. 'ఎక్కడున్నా పిల్ల నూలే కట్టాలి, ఒంటికి మంచిది' అంటుంది. నేను వాటన్నిటినీ బయటికి తీయించాను. మీ అమ్మకు కోపం వచ్చింది. రానీ.

నూలు వద్దని నేను అంటున్నానంటే ఎంత ఆలోచించి అంటున్నానో నీకు తెలుసు. మన ఇంట్లో తిన్న ప్రతి ముద్దా నూలు పెట్టిందే. మా నాన్న గుంటమగ్గంలో కూర్చుని పేక వేస్తుంటే ఆ చప్పుడుకే నేను నిద్రపోయేవాణ్ణి, ఆ చప్పుడు ఆగితే లేచేవాణ్ణి. ఈశాన్య రుతుపవనం వచ్చిందంటే మగ్గం గుంటలోకి నీళ్ళు ఊరేవి. అప్పుడు నాన్న పడుగు మీద అరచెయ్యి ఆనించి 'ఇవాళ నూలు నీళ్ళు తాగింది' అని లేచిపోయేవాడు. ఆ రోజుకు పని లేదు, కూలీ లేదు. నూలు నీళ్ళు తాగుతుంది తల్లీ. అది దాని గుణం. మే నెల ఎండలో మన ఒంటి చెమటను తాగి, గాలి తగలగానే ఆరుతూ ఒళ్ళు చల్లబరుస్తుంది. మన నేలకు అంతకంటే మంచి గుడ్డ లేదు, పుట్టదు. మైనస్ ఇరవైలో కూడా అది అదే పని చేస్తుంది. చెమట తాగుతుంది, ఒంటికి అంటుకుంటుంది, ఆరదు, ఒళ్ళు చల్లబరుస్తూనే ఉంటుంది.

సైన్యంలో ఉన్నప్పుడు ద్రాస్‌లో ఇది కళ్ళారా చూశాను. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే దారిలో జోజిలా కనుమ దాటాక వస్తుంది ఆ ఊరు, పదివేల అడుగుల పైన. 1970లలో మేమున్నప్పుడు చలికాలం కనుమ మూసుకుపోతే ఇక వసంతం దాకా ఉత్తరాలు కూడా సరిగా అందేవి కావు. మా గఢ్వాలీ హవల్దారు కొత్తవాళ్ళచేత పొద్దున్నే మంచు తవ్వించేవాడు. పార చేతికిచ్చే ముందు పై కోటు విప్పించేవాడు. మేము వణికిపోతూ నిలబడితే, 'పని మొదలుపెట్టేటప్పుడు చలెయ్యాలి, పని ఆపినప్పుడు వెచ్చగా ఉండాలి' అనేవాడు. ఆ మాట అర్థమయ్యేసరికి మాకు కొంత కాలం పట్టింది.

మాలో శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు ఉండేవాడు. వాళ్ళమ్మ ఇచ్చిందని ఉన్ని బట్టల కింద నూలు బనీను వేసుకునేవాడు. అమ్మ ఇచ్చిన గుడ్డ, ఎవరు తీసేయమంటే తీస్తాడు? ఒకరోజు అందరికంటే ఎక్కువ మంచు తవ్వి, టీ కోసం కూర్చున్నాడు. కాసేపటికి మగ్గు పట్టుకోలేకపోయాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. ఊడిన బూటు తాడు కట్టుకోలేక వేళ్ళకేసి అలాగే చూస్తున్నాడు. హవల్దారు వాణ్ణి ఎత్తుకుని బంకరులో బుఖారీ పొయ్యి పక్కకు తెచ్చి, పొరలు పొరలుగా విప్పితే పై బట్టలన్నీ పొడిగానే ఉన్నాయి. ఆ బనీను పిండితే నీళ్ళు కారాయి. తన ఉన్ని చొక్కా వాడికి తొడిగి, వాడి రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు ఆ మహానుభావుడు. కుర్రాడు కోలుకున్నాడు, తర్వాత సుబేదారు కూడా అయ్యాడు. కానీ ఆ బనీను నుంచి కారిన నీళ్ళు నేను మరిచిపోలేదు. నువ్వు మూపున బరువు సంచితో బస్సు కోసం పరుగెత్తి, చెమటతో ఎక్కి, మళ్ళీ ఇంకో స్టాపులో నిలబడతావు చూడు, అప్పుడు జరిగేదీ ఇదే.

అందుకని ఒంటికి తగిలే మొదటి గుడ్డ నూలు కాకూడదు. సన్నటి మెరీనో ఉన్నిది తీసుకో, అది గుచ్చుకోదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడి తెలియదు. ఖరీదెక్కువ అనిపిస్తే పాలియెస్టర్ థర్మల్ తీసుకో, అదీ మంచిదే. రెండు జతలుంటే చాలు, ఒకటి ఉతుక్కుంటే ఒకటి. సాక్సులు ఉన్నివే. ఆ మొదటి గుడ్డ మీద స్వెటరో, ఫ్లీసో. ఆ పైన కోటు. మీ అమ్మ అడిగితే నూలువి వేసుకుంటున్నానని అబద్ధం చెప్పకు. తాతయ్య వద్దన్నాడని చెప్పు, నేను చూసుకుంటాను.

స్వెటరంటే గుర్తొచ్చింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఊరూరా ఆడవాళ్ళు జవాన్లకు స్వెటర్లు అల్లారు. ఎండాకాలపు నూలు దుస్తులతో, కాన్వాస్ బూట్లతో మన జవాన్లను ఈశాన్య సరిహద్దులోని నేఫా కొండల మీదికి పంపారని తర్వాత ఎన్ని పుస్తకాల్లో చదివానో. అప్పుడు మాకదేమీ తెలియదు. బడిలో టీచరమ్మ ఉన్ని పంచింది. మీ అమ్మమ్మకు పద్నాలుగేళ్ళు. మంచు అంటే ఎలా ఉంటుందో చూడని పిల్ల, చీరాల ఉక్కపోతలో ఆకుపచ్చ ఉన్ని ఒళ్ళో పెట్టుకుని అల్లేది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది. ఏడ్చి, విప్పి, మళ్ళీ అల్లింది. 'ఎవరు తొడుక్కుంటారో వాళ్ళ మణికట్టు బయటికి కనపడకూడదు' అని పట్టుబట్టింది. ద్రాస్‌లో నాకు మొదటిసారి ఉన్ని జెర్సీ ఇచ్చినప్పుడు నేను ముందు చేసిన పని, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి కొలవడం. ఇప్పుడు నువ్వు చేయాల్సిందీ అదే. కోటు తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తు. మణికట్టు కనపడిందా, అది నీది కాదు, తిరిగిచ్చెయ్. లోపల మణికట్టును పట్టుకునే అల్లిక పట్టీ ఉంటే మరీ మంచిది.

పొడవు తొడల సగం దాకా ఉండాలి, మోకాలి దాకా వస్తే ఇంకా మేలు. జిప్పు కింది నుంచి కూడా తెరుచుకునేది చూడు, బస్సులో కూర్చున్నప్పుడు కోటు ఎగదన్నదు. జిప్పు మీద గాలి దూరకుండా ఒక పట్టీ మూసుకోవాలి. గ్లవ్స్ వేసుకున్న చేత్తో జిప్పు లాగగలవో లేదో కొట్లోనే చూసుకో. టోపీ కోటుకే కుట్టి ఉండాలి, లోపల ఉన్ని టోపీ పెట్టుకున్నా పట్టేంత పెద్దది.

ఇక లోపల నింపేది. బాతు ఈకలవి తేలిక, వెచ్చన. వాటి మీద 600, 700, 800 అని అంకెలుంటాయి. ఒక ఔన్సు ఈక పొంగి ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతుందో చెప్పే అంకె అది. పెద్ద అంకె చూసి మోసపోకు. మంచి ఈక చిటికెడు పోసిన కోటుకంటే ఒక మోస్తరు ఈక దండిగా పోసినదే వెచ్చన. చేత్తో నొక్కి వదులు, వెంటనే పొంగాలి. నేతపనివాళ్ళ ఇంటి పిల్లవు, కుట్టు చూడటం నీకు చెప్పాలా! పై గుడ్డనూ లోపలి గుడ్డనూ కలిపి ఒకే కుట్టు వేసేస్తే ఆ గీత పొడుగునా ఈకలుండవు, చలి ఆ దారినే వస్తుంది. రెండు గుడ్డల మధ్య సన్నటి అడ్డపట్టీ వేసి అరలు చేసినవి ఖరీదెక్కువ, కానీ నీ ఊరి జనవరికి అవే తగినవి.

ఈకలకున్న లోపమల్లా ఒకటే. తడిస్తే బూరుగుదూది దిండులా ముద్దకడతాయి. మీ ఊళ్ళో నడి చలికాలం పొడి చలి కాబట్టి భయం లేదు. నవంబరులోనూ మార్చిలోనూ పడే తడి మంచు, మంచు కలిసిన వాన, వాటితోనే జాగ్రత్త. పై గుడ్డ నీరు జారిపోయేది కావాలి. అంత డబ్బు లేదనుకుంటే కృత్రిమ దారం నింపిన కోటు తీసుకో, కొంచెం బరువు, కానీ తడిసినా పూర్తిగా చేతులెత్తేయదు. బయటి నుంచి రాగానే గుమ్మంలోనే కోటు దులుపు. ఆర్కిటిక్‌లో ఇన్యూట్‌లు ఇంట్లో అడుగుపెట్టే ముందు బట్టల మీది మంచును కర్రతో కొట్టి దులుపుకునేవారు, లోపలి వేడికి కరిగి నీరవుతుందని. జింక తోలు కోట్లు రెండేసి తొడుక్కునేవారు, లోపలిదాని బొచ్చు ఒంటివైపు, బయటిదాని బొచ్చు గాలివైపు. తరతరాలుగా ఆ మంచులో బతికినవాళ్ళు కూడా చెమటకే భయపడేవారు చూడు. నువ్వు కూడా నడుస్తున్నప్పుడు చెమట పట్టకముందే జిప్పు దించు. పట్టాక దించితే లాభం లేదు.

ఇంకోటి. పోపు వేసేటప్పుడు కోటు వంటింటి దరిదాపుల్లో ఉంచకు. ఈకలు వాసన పట్టాయంటే వదలవు, ఆ కోటు మాటిమాటికీ ఉతకలేవు. అన్నట్టు వండుకుంటున్నావా? లేక రాత్రిళ్ళు బ్రెడ్డుతో సరిపెడుతున్నావా? ఫోటోలో బుగ్గలు లోపలికి పోయాయని మీ అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒంటి వేడి తిండి నుంచే వస్తుందని పైన రాశాను, నెయ్యి మానకు.

లావు కోటు వేసుకుంటే స్నేహితులు నవ్వుతారనుకుంటున్నావేమో. 1922లో ఎవరెస్టు ఎక్కబోయిన బ్రిటిష్ జట్టులో జార్జ్ ఫించ్ అనే ఆయన బెలూన్ గుడ్డలో బాతు ఈకలు నింపి కోటు కుట్టించుకుంటే తోటివాళ్ళు నవ్వారు. అంత ఎత్తుకు పోయాక వణికింది ఆ నవ్వినవాళ్ళే. రంగు మాత్రం నల్లది వద్దు. డిసెంబరులో మీకు సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. రోడ్డు దాటుతుంటే కారు నడిపేవాడికి నువ్వు కనపడాలి. ఎర్రది దొరికితే ఎర్రదే కొను.

కొత్తదే కావాలని లేదు. చదువైపోయి టెక్సాస్ వైపు ఉద్యోగాలకు వెళ్ళే సీనియర్లు తమ కోట్లు తక్కువకు అమ్మేస్తారని మీ అమ్మ చెప్పింది. జిప్పు, కుట్లు, ఈకల పొంగు చూసుకుని తీసుకో, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ బనీన్లు, సాక్సులు కొత్తవే కొను.

డబ్బు మీ నాన్న ఖాతాలో వేశాను, రేపు నీకు పంపుతాడు. నా పింఛనులోది, వద్దనకు. అది ఈ బట్టలకే. పుస్తకాలకు వాడావని తెలిస్తే ఊరుకోను. పుస్తకాలకు విడిగా అడుగు, అదీ పంపుతాను. కొన్నాక చేతులు పైకెత్తి ఒక ఫోటో, బస్సు సీట్లో కూర్చుని ఒక ఫోటో పంపు. పోయిన వారం ఫోనులో దగ్గావు, తగ్గిందో లేదో రాయి.

ప్రేమతో,
తాతయ్య